దొంగ నూకాలు కట్టిన ముడి

ఎనభై నాలుగు మార్చిలో ఫిషింగ్ హార్బర్‌లో పోర్టువాళ్ళు, నిజంగా జరిగితే ఏం చెయ్యాలో నేర్పడానికి, ఉత్తుత్తి ప్రమాదం జరిపారు. ఆయిల్ ట్యాంకు పేలినట్టూ, జనానికి దెబ్బలు తగిలినట్టూ అందరం నటించాలట. జాలరిపేట ఆడవాళ్ళకి కట్లు కట్టే పని. నా వంతుకొచ్చినవాణ్ణి చూడగానే ఒళ్ళు మండిపోయింది. కొండలరావు! మెడలో 'కాలు విరిగింది' అని అట్టముక్క.

పన్నెండేళ్ళ కిందట వీడూ, మా పేట సూరన్నా, నేనూ పడవల మధ్య దొంగా పోలీసూ ఆడేవాళ్ళం. పోర్టు గుమస్తా కొడుకు గనక ఎప్పుడూ వీడే పోలీసు. ఓరోజు నన్ను కట్టెయ్యడానికి వీరన్న మావ వల అంచుతాడు కోసేశాడు. మావ కేకకి ఇద్దరూ పారిపోయారు. తాడుతో దొరికింది నేనొక్కదాన్నే. ఎంత ఏడ్చినా ఎవరూ నమ్మలేదు, వీడు నోరు మెదపలేదు. ఆ నష్టానికి మా అయ్య తన కొత్త వల మావకిచ్చేశాడు. ఆనాటినుంచి పేటంతటికీ నేను దొంగ నూకాల్ని. అత్తారింటికీ నాకంటే ముందు ఆ పేరే చేరింది.

"బాగున్నావా నూకాలూ? ఎన్నాళ్ళయింది!" అని కొండలరావు పళ్ళికిలించాడు. సిగ్గూ శరం లేని మొహం.

"బాగున్నాను. పడుకో."

వలలు బాగుచేసేదాన్ని, తాడు ఎప్పుడూ నా నడుముకే ఉంటుంది. వాళ్ళిచ్చిన గుడ్డపట్టీ పక్కన పారేసి, వాడి కాళ్ళూ చేతులూ స్ట్రెచర్‌కి కట్టేశాను. గుంజుకునేకొద్దీ బిగిసే ముడి.

రెండోవైపు స్ట్రెచర్ పట్టుకున్న సూరన్న గొణిగాడు. "ఒగ్గీవే నూకాలూ, సిన్నప్పటి ఆట."

"మీకు ఆటేరా. ఆ పేరు మోత్తన్నది నాను!"

ప్రమాదం అయిపోయిందని సైరన్ మోగింది. చచ్చినవాళ్ళూ, చేతులు విరిగినవాళ్ళూ లేచి టీకి పరిగెత్తారు. వీడొక్కడే లేవలేకపోయాడు.

"విప్పు నూకాలూ, అందరూ చూస్తున్నారు!"

"సూడనీ. వీరన్న మావ అల్లక్కడున్నాడు. ఆ తాడు ఎవుడు కోసాడో గట్టిగా సెప్పు."

కాసేపు పెనుగులాడాడు. తాడు మణికట్లలోకి దిగింది.

"నేనే కోశాను! వీరన్న మావా, నీ వల కోసింది నేనే! నూకాలు దొంగ కాదు!"

హార్బరంతా వినపడింది. అబ్బ, నా కడుపు చల్లబడింది! అంతలో చప్పట్లు, ఈలలు. వీరన్న మావ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏం ఏసం కట్టినాడ్రా బాబూ, నిజంలాగే ఉంది! మన దొంగ నూకాలు ముడి సూడండ్రా!"

కొండలరావు బిక్కమొహం వేశాడు. "చెప్పాను కదా. ఇక విప్పు."

"ఎవులు నమ్మినారు?" అన్నాను. "మల్లీ సెప్పు."

తాడు ఇంకో చుట్టు చుట్టి బిగించాను.