ఓమా మ్యాజిక్ లాంతరు

జెర్సీ సిటీలో ఆ ఇంటి పై వాటాలోకి దిగిన కొత్తలోనే వసుమతికి ఒక పెద్ద దిగులు తీరింది. స్కూల్ నుంచి వచ్చిన కూతురు మీనా, తను ఆఫీస్ నుంచి వచ్చేదాకా ఎక్కడుండాలన్నదే ఆ దిగులు. భర్త గోపాల్ మందుల షాపులో ఫార్మసిస్టు. అతనికెప్పుడూ సాయంత్రం షిఫ్టే. కింది వాటాలో ఉండే ఇంటావిడ మిసెస్ బ్రాంట్, ఎవరూ అడక్కుండానే, "పిల్లని నా దగ్గర వదిలెయ్యండి. నాకూ పొద్దుపోతుంది" అంది. ఎనభై దాటిన మనిషి. నడుం వంగినా కళ్లల్లో చురుకు పోలేదు. తనని ఓమా అని పిలవమని మీనాకి నేర్పింది. జర్మన్‌లో అమ్మమ్మని అలా అంటారట.

ఆ చలికాలంలోనే ఓమా అటక మీంచి మ్యాజిక్ లాంతరు దింపించింది. ఎర్రరంగు పూసిన రేకు డబ్బా, దాని నెత్తిన చిన్న పొగగొట్టం, ముందు ఇత్తడి గొట్టంలో బిగించిన అద్దం. బొమ్మలన్నీ పొడుగాటి గాజు పలకల మీద ఉంటాయి. పలకని తలకిందులుగా గాడిలో దోపి మెల్లిగా జరిపితే గోడ మీద ఒక్కో బొమ్మా నిటారుగా నిలబడుతుంది. ఓమా వాళ్ల నాన్న హోబోకెన్ రేవులో పనిచేసే రోజుల్లో ఒక ఓడ సరంగు ఆయనకి దాన్ని న్యూరెంబర్గ్ నుంచి తెచ్చిచ్చాడట. ఆదివారం సాయంత్రాలు ఆ వీధి పిల్లలంతా వాళ్లింట్లో పోగయ్యేవాళ్లు. అమ్మ తలుపుకి దుప్పటి కట్టేది. నాన్న కిరసనాయిలు దీపం వెలిగించి, ఒక్కో బొమ్మకీ కథ అల్లి చెప్పేవాడు. రేకు వేడెక్కి ఇల్లంతా రంగు వాసన వేసేది.

"తర్వాత వీధి చివర సినిమా హాలు వచ్చింది. పిల్లలు రావడం మానేశారు. నాన్న ఒక్కడే నా కోసం వేసేవాడు. అమ్మ చనిపోయిన ఏడాది మాత్రం చలికాలం అంతా వేశాడు" అని చెప్పింది ఓమా. "నా పిల్లలకి చూపిస్తే టీవీ పెట్టమన్నారు. డెన్నిస్ ఒక్కడే కూర్చుని చూసేవాడు."

డెన్నిస్ ఆవిడ మనవడు. వాళ్లమ్మ చిన్నప్పుడే ఇక్కడ వదిలి వెళ్లిపోయింది. ఇరవై నిండని కుర్రాడు. ఒక కార్ల గరాజ్‌లో పనిచేస్తాడు. దీపం తీసేసి ఆ లాంతర్లో చిన్న బల్బు అమర్చింది అతనే. వసుమతి మెట్ల మీద ఎదురైతే తల వంచుకుని "హాయ్" అని తప్పుకునేవాడు. రంగుల చక్రం ఉన్న పలక ఒకటి ఉండేది. పిడి తిప్పితే గోడంతా పువ్వులు విచ్చుకున్నట్టు తిరుగుతుంది. ఆ పిడి తిప్పడం మీనాకి అతనే నేర్పాడు.

ఒక శనివారం మీనాని అన్నానికి పిలవడానికి వసుమతి కిందికి దిగింది. గది చీకటిగా ఉంది. గోడ మీద ఒక నల్లటి బక్కమనిషి. నెత్తిన తలపాగా, మొలకి గోచీ, నోరు తెరిచిన మొసలి మీద కూర్చున్నాడు. ఓమా ఆ పలక మీదున్న రెండో గాజుని పక్కకి లాగింది. మొసలి నోరు మూసుకుంది. మనిషి లేడు. తలపాగా ఒక్కటే నీళ్ల మీద తేలుతోంది. మీనా కడుపు పట్టుకుని నవ్వుతోంది. "ఎగైన్, ఓమా, ఎగైన్" అంటోంది. గోడకి ఆనుకుని డెన్నిస్ కూడా నవ్వుతున్నాడు. వసుమతిని చూసి నవ్వు ఆపేశాడు.

పైకి వచ్చాక వసుమతి అడిగింది. "ఆ బొమ్మలో ఉన్నదెవరో తెలుసా నీకు?"

"సమ్ ఫన్నీ గై."

"మనవాడే. ఇండియా వాడు."

మీనా ఒక క్షణం ఆలోచించింది. "నో, మామ్. నాన్న అలా ఉండదు" అంది. వచ్చీరాని తెలుగులో ఎప్పుడో ఒక మాట తప్ప అది ఇంగ్లీషే మాట్లాడుతుంది.

గోపాల్‌కి చెబితే తేలిగ్గా తీసుకున్నాడు. "ఎప్పటి బొమ్మో అది. ఆవిడేం గీసిందా? ఇంత మంచి మనిషి దొరకడం మన అదృష్టం. నువ్వు అనవసరంగా కెలకకు." వసుమతి కెలకలేదు. కానీ ఆ తర్వాత కిందికి వెళ్లినప్పుడల్లా గోడ వైపు చూడకుండా మీనా చెయ్యి పట్టుకుని వచ్చేసేది.

పంతొమ్మిది వందల ఎనభై ఏడు ఎండాకాలం వచ్చేసరికి ఊళ్లో గాలి మారింది. ఇండియా వాళ్లంటే గిట్టని కుర్రాళ్లు, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లని చూసి కార్లలోంచి అరిచేవాళ్లు. తెలిసినవాళ్లింటి కిటికీ అద్దం పగిలింది. సాయంత్రాలు ఎవరూ బయటికి రావడం లేదు. మన్‌హాటన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు రైల్లోనే వసుమతి బొట్టు తీసి పర్స్‌లో పెట్టుకునేది. మొదట్లో ఎవరైనా చూస్తారేమోనని మొహం తిప్పుకుని తీసేది. తర్వాత అలవాటైపోయింది. అలా అలవాటైనందుకే ఆమెకి ఎక్కువ బాధగా ఉండేది.

అక్టోబర్‌లో ఒక సోమవారం సాయంత్రం స్టేషన్ దిగి నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. చూడకపోతే పోతారనుకుంది. మూల తిరిగాక ఒకడు దగ్గరికొచ్చి "ఏయ్, హిందూ, చుక్క ఏది? ఇంట్లో మర్చిపోయావా?" అన్నాడు. ఇంకొకడు చీర కొంగు పట్టి లాగాడు. ఆమె విదిలించుకునేసరికి ఎవరో భుజం మీద బలంగా తోశారు. చర్చి మెట్ల మీద పడింది. కింద పడేటప్పుడు మణికట్టులో ఏదో విరిగినట్టు తెలిసింది. నొప్పి ఇంకా మొదలవలేదు. తల ఎత్తి చూస్తే ముగ్గురున్నారు. ఇద్దరు ముందు, ఒకడు వెనక దీపస్తంభం దగ్గర. వెనకున్నవాడు నవ్వుతున్నాడు. వెలుగు సరిగ్గా అతని మొహం మీదే పడుతోంది.

డెన్నిస్.

ఆమె చూసిందని అతనికీ తెలిసింది. నవ్వు ఆగిపోయింది. ముగ్గురూ పరిగెత్తారు.

ఆస్పత్రిలో చేతికి కట్టు కడుతుండగా పోలీసు వచ్చి అడిగాడు. వసుమతి డెన్నిస్ పేరు చెప్పింది. పక్కనున్న గోపాల్ మొహం పాలిపోయింది. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించి అన్నాడు. "అతను తోయలేదని నువ్వే అన్నావుగా. పేరెందుకు చెప్పావు? కింద ఆవిడ మొహం ఎలా చూస్తాం?"

"ఆ తోసినవాళ్లెవరో నాకు తెలీదండీ. అతనికి తెలుసు."

"చీకట్లో పొరబడ్డావేమో."

"రోజూ మెట్ల మీద చూసే మొహం. ఎలా పొరబడతాను?"

రెండ్రోజుల తర్వాత డిటెక్టివ్ ఒకాయన వచ్చాడు. ముందు కింది వాటాకే వెళ్లాడు. కాసేపటికి పైకొచ్చి తలుపు తట్టాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ సాయంత్రం డెన్నిస్ ఇల్లు కదల్లేదని వాళ్ల అమ్మమ్మ చెబుతోందట. లాంతరు వేసి బొమ్మలు చూపించామని, రంగుల చక్రం అతనే తిప్పాడని చెప్పిందట. "మీ అమ్మాయి కూడా అక్కడే ఉందట. తనని అడగమంటోంది."

మీనా సోఫా చివర కూర్చుని బూటు లేసు విప్పి మళ్లీ కడుతోంది. గత రెండ్రోజులుగా అది సరిగా తినడం లేదు. అమ్మ చేతికి కట్టు చూసి బెంగ పెట్టుకుందనుకుంది వసుమతి. అదొక్కటే కాదని ఇప్పుడర్థమైంది.

అందరూ కిందికి వెళ్లారు. ఓమా గదిలో కర్టెన్లు తీసి ఉన్నాయి. బల్ల మీద లాంతరు, పక్కన పలకల పెట్టె. ఓమా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. వసుమతి కట్టు కేసి చూసి, చూపు తిప్పుకుంది. డెన్నిస్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"సోమవారం సాయంత్రం నువ్విక్కడే ఉన్నావా, స్వీటీ?" అన్నాడు డిటెక్టివ్.

"యెస్."

"ఎవరెవరున్నారు?"

మీనా ఓమా వంక చూసింది. ఓమా నవ్వడానికి ప్రయత్నించింది. పిల్ల పెదాలు బిగుసుకున్నాయి. తర్వాత అది తల్లి వైపు తిరిగి, ఎప్పుడూ మాట్లాడని తెలుగులో, మాట మాటకీ వెతుక్కుంటూ చెప్పింది.

"అమ్మా, డెన్నిస్ లేదు. నేను, ఓమా. అంతే. ఓమా ఏడ్చింది. చెప్పొద్దు అంది. నేను ప్రామిస్ చేశాను. నువ్వు చెప్పకు, అమ్మా. ప్లీజ్."

గదిలో ఆ మాటలు అర్థమైంది వసుమతికీ గోపాల్‌కీ మాత్రమే. డిటెక్టివ్ పెన్ను ఎత్తి, "ఏమంటోంది?" అన్నాడు.

చేతినొప్పి భుజం దాకా పాకింది. ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెబితే చాలు, ఓమా అబద్ధం తేలిపోతుంది. కానీ పిల్ల ఆ మాట దాచుకోవడానికి తనకున్న కాస్త తెలుగునీ వెతుక్కుంది. గోపాల్ భార్య వంకే చూస్తున్నాడు.

"పైకి వెళ్తానంటోంది" అంది వసుమతి. "ఏవండీ, దాన్ని తీసుకెళ్లండి."

వాళ్ల అడుగుల చప్పుడు పై వాటాలోకి చేరేదాకా ఆమె ఆగింది. తర్వాత డిటెక్టివ్‌ని కాక ఓమానే చూస్తూ అంది. "నా కూతుర్ని నేనేమీ అడగను. ఇంకెవర్నీ అడగనివ్వను. ఈ భారం దాని మీద పెట్టొద్దు, మిసెస్ బ్రాంట్. ఆ సాయంత్రం ఏం జరిగిందో మీరే చెప్పండి."

"అతను నిన్ను తోశాడా?" అంది ఓమా.

"లేదు. వెనక నిలబడి నవ్వాడు. పోలీసులకీ అదే చెప్పాను."

"నవ్వినందుకు జైల్లో పెడతారా?"

"నాకు తెలీదు. కింద పడి తల ఎత్తేసరికి నాకు కనపడింది ఆ నవ్వే. తోసిన చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తెలీదు. ఆ మొహం మాత్రం మర్చిపోలేకపోతున్నాను."

ఓమా పలకల పెట్టె మూత మూసి దాని మీద చెయ్యి వేసింది. డెన్నిస్ "గ్రాండ్మా" అన్నాడు మెల్లిగా. ఆవిడ తల ఎత్తలేదు.

"రోజు విషయంలో పొరబడ్డాను" అంది చివరికి. "వీడు చక్రం తిప్పింది ముందు వారం. సోమవారం నేనూ, చిన్నపిల్లా ఇద్దరమే ఉన్నాం."

డిటెక్టివ్ రాసుకున్నాడు. డెన్నిస్ గోడకి జారగిలబడి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

మిగిలిన ఇద్దరి పేర్లూ డెన్నిస్ చెప్పాడు. వాళ్లకి శిక్ష పడింది కానీ, గోపాల్ అన్నట్టు, చెప్పుకునేటంత శిక్షేం కాదు. డెన్నిస్ మీద కేసు పెట్టలేదు. కానీ పేర్లు చెప్పినందుకు స్నేహితులు అతన్ని వదల్లేదు. ఒక రోజు పొద్దున చూస్తే అతని కారు అద్దాలన్నీ పగిలి ఉన్నాయి. ఆ నెలాఖరుకి పెన్సిల్వేనియాలో మేనమామ దగ్గరికి వెళ్లిపోయాడు. ఓమా ఒక్కతే మిగిలింది. ఒంట్లో బాగుండటం లేదని, ఇక పిల్లని చూసుకోలేనని గోపాల్‌తో చెప్పింది. ఆవిడ కోపంతో చెప్పలేదు. వసుమతికి కోపమైనా నయమనిపించింది.

మీనా ఆ రోజు తర్వాత తల్లితో తెలుగులో ఒక్క మాట మాట్లాడలేదు.

"యూ టోల్డ్ దెమ్" అంది ఒకసారి, హోంవర్క్ చేసుకుంటూ తల ఎత్తకుండానే.

"చెప్పలేదు. ఆవిడే చెప్పింది."

"వై వుడ్ షీ టెల్? డెన్నిస్ ఈజ్ హర్ ఓన్ గ్రాండ్‌సన్."

నాన్నని అడగమంది వసుమతి. కానీ ఓమా చెప్పేసరికే గోపాల్ పైకి వచ్చేశాడు కాబట్టి అతనికీ తెలీదు. ఆ తలుపు వెనక ఏం జరిగిందో మీనా నమ్మేలా చెప్పగలిగింది కింద ఉన్న ముసలావిడే. ఆవిడ తలుపు తీయడం మానేసింది. ఒకసారి వసుమతి పులిహోర పట్టుకెళ్లి చాలాసేపు నిలబడింది. లోపల రేడియో పాడుతూనే ఉంది. తిరిగొచ్చి ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ పులిహోర ఎవరూ తినలేదు.

వసంతంలో ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్ దొరికింది. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారని గోపాల్ హుషారుగా ఉన్నాడు. వెళ్లే రోజు సామాను వ్యాన్‌లోకి ఎక్కించాక చూస్తే మీనా కనపడలేదు. వసుమతి గుమ్మంలోకి వచ్చేసరికి మీనా కింది వాటా తలుపు తడుతోంది. పిలుద్దామని నోరు తెరిచి ఆగిపోయింది. తలుపు కొద్దిగా తెరుచుకుంది. ముడతలు పడ్డ చెయ్యి ఒకటి పిల్ల భుజం మీద పడింది. మీనా లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

కార్లో ఉన్న గోపాల్ హార్న్ కొట్టబోతే వసుమతి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "ఉండండి" అంది.

ఇద్దరూ కార్లో కూర్చున్నారు. ఆమె మణికట్టు అతుక్కుంది కానీ చల్లగాలికి ఇంకా లాగుతుంది. అక్కడ రుద్దుకుంటూ ఆ తలుపు కేసే చూసింది. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో, ఆవిడ నిజం చెబుతుందో, ఇంకేదైనా చెబుతుందో. చెప్పమని అడిగే హక్కు తనకి లేదు. పిల్లని వాళ్ల మధ్యలోంచి తప్పించాలనే కదా ఆ రోజు తను అంతా చేసింది.

మీనా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఏమీ లేదు. బెల్టు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"వెళ్దామా?" అని అడిగాడు గోపాల్.

మీనా తల ఊపింది. కారు హైవే ఎక్కింది. వసుమతి ముందు అద్దంలో కూతురి మొహం చూసింది, రెండు మూడు సార్లు. ఆవిడ ఏం చెప్పిందని అడగాలనుకుంది. అడగలేదు.