పెదవులు కదలని లెక్క

సోమవారం సరోజినీ నగర్ మార్కెట్‌కు సెలవు. మా బట్టల కొట్టు తెరిచే పని లేదు గనుక, ఇంట్లో గది గుమ్మం బయట కాపలా కూర్చున్నాను. లోపల మా అమ్మాయి అనుగ్రహ లాప్‌టాప్ ముందు పరీక్ష రాస్తోంది. గ్రేటర్ నోయిడాలో ఎంబీఏ సీటు కోసం. పోయినేడు కొద్దిలో తప్పింది. ఇదే ఆఖరి ప్రయత్నం.

మొదలుపెట్టే ముందు లాప్‌టాప్ ఎత్తి మంచం కింద, తలుపు వెనక, బల్ల మీద అన్నీ కెమెరాకు చూపించింది. సరుకు దింపుకునేటప్పుడు నేను కూడా మూటలు అంత శ్రద్ధగా చూడను. ఎక్కడో కూర్చుని కెమెరాలో పరీక్షను కనిపెట్టే ఒకతను, మాకు గొంతు తప్ప ఏమీ లేనివాడు, లాప్‌టాప్‌లోంచి "ఠీక్ హై" అన్నాడు. తర్వాత గది నీళ్లలోకి దిగినట్టు నిశ్శబ్దమైంది. గుమ్మానికున్న పలచని కర్టెన్ మీద ఎండ, ఎండలో అమ్మాయి నీడ.

అరగంటకు గొంతు పలికింది. "మేడమ్, హోంఠ్ మత్ హిలాయియే. ఫస్ట్ వార్నింగ్."

పెదవులు కదపకూడదట. పెదవులు కదుపుతూ లెక్క కట్టడం దానికి నేర్పింది నేనే. ఐదేళ్లప్పుడే కొట్లో పక్కన కూర్చోబెట్టుకుని, డజన్లు నోటితోనే హెచ్చవేయించాను. కాగితం తీసేవాడు బేరంలో వెనకబడతాడని చెప్పాను.

మళ్లీ గొంతు. "సెకండ్ వార్నింగ్. తీస్రీ బార్ టెస్ట్ బంద్."

నైట్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన నా భార్య రెబ్కా పక్కన కూలబడి చెవిలో అడిగింది.

"ఏమైందండీ?"

"గొణుగుతోంది."

"ఎవరి పోలికో! మీరూ గొణుగుతున్నారు, ముందు మీ నోరు ముయ్యండి."

నిజమే. అరచేత్తో మూసుకున్నాను.

ఎంతసేపో తెలియదు. కర్టెన్ ఊగినప్పుడల్లా ఆ నీడ ఐదేళ్ల పిల్లంత అవుతోంది, మళ్లీ పెరుగుతోంది. మూడోసారి ఆ గొంతు వస్తే రెండేళ్ల చదువు గల్లంతు. గొంతు రాలేదు. సన్నగా పెన్సిల్ గీకుతున్న చప్పుడు వచ్చింది. చిత్తుపనికి ఒక తెల్లకాగితం వాడుకోవచ్చట, అది తీసింది. ఆ చప్పుడు చివరిదాకా ఆగలేదు.

అనుగ్రహ బయటికొచ్చింది, ముఖమంతా చెమట.

"డాడీ, నాలుగు క్వశ్చన్లు ఛూట్ గయే. పర్ సబ్మిట్ హో గయా."

"నాలుగేగా వదిలేశావు! మిగతావన్నీ నిలబడ్డాయి."

"స్లో హై యే తరీకా."

"కాగితం పద్ధతి నిదానమైతే కానీలే."

కాగితం నా చేతిలో పెట్టి అమ్మ ఒళ్లో వాలిపోయింది. దాని అంకెల రాత నాకు కొత్త. వెలుతురులోకి జరిగి, ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ చదివాను.