మా సందులో ఇనప గేదె

మా అబ్బాయికి పోలీసు ఉద్యోగం వచ్చినప్పుడు చేతికి లాఠీ ఇచ్చి గొడవల్లోకి తోస్తారేమోనని భయపడ్డాను. లాఠీ ఇవ్వలేదు. యుద్ధాల్లో తిరిగే బండి ఇచ్చారు. పాతబడిందని సైన్యం వాళ్లు వదిలించుకున్న బండి అది. చక్రాలు మా వాడి భుజమెత్తు ఉన్నాయి. అద్దాలుండాల్సిన చోట చీలికలు, నెత్తిన ఒక మూత. స్టేషన్ వాళ్లు దానికేదో పొడుగాటి పేరు చెబుతారు గానీ, జనం మాత్రం ఇనప గేదె అన్నారు.

"దాంతో ఏం చేస్తార్రా?" అని అడిగాను.

"గస్తీ తిరుగుతామమ్మా."

"మన మీదికి ఎవరైనా దండెత్తి వస్తున్నారా?"

"లేదు. వస్తేనో అని."

ఈ ఇంట్లో 'వస్తేనో', 'పోతేనో', 'పడితేనో' అనేది నేనొక్కదాన్నే. అవే మాటలు ప్రభుత్వం కూడా అంటోందని తెలిశాక నాకు మరీ బెంగ పట్టుకుంది. పైగా వాడి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "బండి మీద గీత పడిందా, నువ్వు ఇంటికే" అని ఇన్‌స్పెక్టరు గారు తాళం ఇస్తూనే చెప్పారట. అప్పటినుంచి వాడు అన్నం ముందు కూర్చుని కూడా గాల్లో స్టీరింగ్ తిప్పుతున్నాడు. నాకేమో ఒక రాత్రి వాడికి దెబ్బ తగిలినట్టు, ఒక రాత్రి బండికి తగిలినట్టు కలలు.

మా ఎదురింట్లో అన్నదమ్ముల సైకిల్ షాపు ఉంది. వేరు పడదామని షాపు మధ్యలో సుద్దముక్కతో గీత గీసుకున్నారు. సామాను పంచుకున్నారు గానీ, పైనున్న బోర్డు ఎవరిదో తేలలేదు. ఆ రోజు మాటా మాటా పెరిగింది. తమ్ముడు స్పానరు ఊపుతూ అడుగుతున్నాడు, అన్న గాలిపంపు ఊపుతూ జవాబిస్తున్నాడు. ఎప్పటిలాగే హెడ్ కానిస్టేబుల్ పెద్దాయన్ని పంపుతారు కదా అని స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఎవరో కొత్త అమ్మాయి ఎత్తింది.

"ఇక్కడ అన్నదమ్ములు కత్తులు నూరుకుంటున్నారు తల్లీ!"

"కత్తులా? ఎప్పటినుంచమ్మా?"

"బోర్డు గొడవ మొదలైన దగ్గర్నుంచీ నూరుతూనే ఉన్నారు. తోడికోడళ్లిద్దరూ పక్కన కూచుని అగ్గి రాజేస్తున్నారు."

"అయ్యో! ఇంకా?"

"పెద్దవాడు బిగబట్టుకుని ఉన్నాడమ్మా. ఏ క్షణాన పేలతాడో!"

అంతే, అవతల ఫోన్ పెట్టేశారు.

కాసేపటికి నేల అదిరింది. అలమరలో గ్లాసులు గలగలలాడాయి. భూకంపమే అనుకుని గ్యాస్ కట్టేసి వీధిలోకి పరుగెత్తాను. సందు మొదట్లో ఇనప గేదె! చూస్తుండగానే తలుపులన్నీ టపటపా పడ్డాయి. నేను మా తలుపు వేయలేకపోయాను. ఆ చీలిక వెనక ఉన్నవి నా బిడ్డ కళ్లు.

మా సందు మలుపు సైకిలు కోసం పుట్టింది గానీ ఇలాంటి బండి కోసం కాదు. గేదె అందులోకి తల దూర్చి, కాస్త తిరిగి, మూలిగి ఆగిపోయింది. ఎడమ తలుపుకి మా ప్రహరీ అడ్డం, కుడి తలుపుకి సైకిల్ షాపు గోడ అడ్డం, వెనక తలుపుకి కరెంటు స్తంభం అడ్డం. దేనికీ ఇంకా తగల్లేదు. వెంట్రుకవాసి ఖాళీ ఉంది. ముందుకు కదిలినా వెనక్కి కదిలినా గీత ఖాయం.

నెత్తిమీది మూత తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు గారు హెల్మెట్‌తో, ఛాతీ నిండా కవచంతో, కవచం నిండా సంచులతో పైకి వచ్చారు. నడుము దాకా వచ్చి ఆగిపోయారు. పైకి రారు, కిందికి పోరు.

"ఆయుధాలు కింద పెట్టండి!" అని మైకులో అరిచారు.

తమ్ముడు స్పానరు పెట్టేశాడు. అన్న చేతిలోది చూసుకుని, "గాలిపంపు కూడానా సార్?" అన్నాడు.

"అదీ పెట్టు! కత్తులేవి?"

"మా దగ్గర కత్తులెక్కడివి సార్? మేం సైకిళ్లు బాగుచేస్తాం."

సారు నా వైపు చూశారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇంతలో లోపలి మైకు ఎవరు నొక్కారో, మా వాడి గొంతు సందంతా మోగింది.

"అమ్మా, లోపలికెళ్లు. ఇప్పుడు గీత పడిందంటే నా ఉద్యోగం గోవిందా!"

ఆ మాటకి మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అందరూ వచ్చి గేదె చుట్టూ చేరారు. లోపల ఉడికిపోతున్న వాళ్లకి, తుపాకీ దూర్చే కన్నంలోంచి నేను గొట్టం పెట్టి మంచినీళ్లు పట్టాను.

"తిన్నావా నాన్నా?" అన్నాను చీలిక దగ్గర.

"అమ్మా, డ్యూటీలో ఉన్నా!"

"డ్యూటీలో ఆకలి వెయ్యదా?"

ఒక గోడ తీస్తే తప్ప బండి గీత పడకుండా కదలదని తేలింది. అన్న తన షాపు గోడ వైపు చూసి, "తీసేద్దాం గానీ, పైన నా బోర్డుంది" అన్నాడు.

"నీ బోర్డా? పేరు పెట్టింది ఎవడు?"

"రంగు వేయించింది ఎవడు?"

మళ్లీ మొదలు! సారు మైకులో అరిచారు, సైరన్ మోగించారు. వాళ్లు ఆ మోతను మించి అరుచుకున్నారు. అప్పుడు బండి లోపలున్న హెడ్ కానిస్టేబుల్ పెద్దాయన హెల్మెట్ తీసేసి, సారు చంక కిందినుంచి తల బయటికి పెట్టి దగ్గాడు. ఒక్క దగ్గు. అన్నదమ్ములు టక్కున నోళ్లు మూశారు. పుట్టినప్పటినుంచీ వాళ్లు ఆ దగ్గుకి అలవాటుపడ్డారు.

"సిగ్గులేదూ?" అన్నాడు పెద్దాయన. "లోపల ఆ పిల్లవాడి ప్రాణం గిలగిల్లాడుతుంటే మీకు బోర్డు కావాలా?"

"వాళ్ల గోడ వద్దు బాబూ. మా ప్రహరీ తీసేయండి" అన్నాను. నోటినుంచి మాట వచ్చేసింది గానీ, వెనకే భయాలూ వచ్చాయి. గోడ లేకపోతే దొంగ వస్తాడేమో, కుక్క వస్తుందేమో! రానీ. గీత మాత్రం పడకూడదు.

"పక్కకి జరుగు పిన్నీ" అని అన్న గునపం పట్టాడు. తమ్ముడు ఇటుకలు అందుకున్నాడు. "మెల్లిగా, మెల్లిగా! రాయి ఎగిరి బండికి తగుల్తుంది" అని నేను ప్రతి ఇటుకకీ అరుస్తూనే ఉన్నాను. గోడ నేలమట్టమయ్యాక మా వాడు స్తంభాన్ని తప్పిస్తూ బండిని వెనక్కి తీశాడు. తమ్ముడు చుట్టూ తిరిగి, వంగి వంగి చూసి, "గీత లేదు పిన్నీ!" అని కేకేశాడు. నేను అక్కడే ఇటుకల మీద కూలబడ్డాను.

సారు ఇంకా మూతలో ఇరుక్కునే ఉండి, "కత్తులు లేవు, మంటలు లేవు, పేలుడు లేదు. ఆపరేషన్ విజయవంతం!" అన్నారు. తర్వాత మా గోడ ఉన్న చోటు చూసి మెచ్చుకోలుగా తలూపారు. "దారి బాగా వెడల్పైంది. ఇక రోజూ గస్తీకి రావచ్చు."

గేదె అటు మలుపు తిరిగిందో లేదో, నేను అన్నదమ్ముల్ని సిమెంటుకి పరుగెత్తించాను.

"గోడ పాత చోటేనా పిన్నీ?"

"కాదు, జానెడు ముందుకి. మావాడు నడిచి వచ్చేంత దారి ఉంటే చాలు."

అన్న తాడు కట్టాడు. తమ్ముడు ఒక కన్ను మూసి చూసి, ఆ తాడు వంకరన్నాడు.