పెట్టెలోంచి పోయిన చుక్కలు

జీపీఎస్ పెట్టెలో ఆవిడ రోడ్ల పేర్లు పలకడం మానేసిన రోజునే డార్సీకి అనుమానం వచ్చింది.

పన్నెండేళ్ళుగా ఆ పెట్టె అతని ట్రక్కు అద్దానికి అంటుకుని ఉంది. పన్నెండేళ్ళూ ఆవిడ ఏ రోడ్డు దగ్గర ఎటు తిరగాలో పేరుపేరునా చెప్పింది. ఒకరోజు పొద్దున్నే 'ఎడమకు తిరగండి' అని ఊరుకుంది. తరువాత ఎక్కడ ఎంత వేగంతో పోవాలో చూపించడం మానేసింది. ఆ తరువాత ముందు దారిలో రద్దీ ఉందో లేదో చెప్పడం పోయింది. ఇంట్లోంచి ఎవరో రోజుకొక గిన్నె పట్టుకుపోతున్నట్టుంది. అడుగుదామంటే దొంగ కనపడడు.

డార్సీ తేనెటీగలు పెంచేవాడు. పూత ఎక్కడుంటే అక్కడికి తేనెపెట్టెలు ట్రక్కు మీద వేసుకుని పోవాలి. పిల్లిగా అనే అడవిలో ఐరన్‌బార్క్ చెట్టు ఏటా పూయదు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో దానికి బుద్ధి పుడితే పూస్తుంది. పూసినప్పుడు పక్కనే మకాం వేసినవాడిదే తేనె. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్ళు పెళ్ళాం పుట్టుమచ్చలైనా చెబుతారు గాని మకాం చోటు చెప్పరు.

డార్సీ కూడా ఎవరికీ చెప్పలేదు, పెట్టెకు తప్ప. మంచి చోటు దొరికినప్పుడల్లా దాని తెర మీద వేలు పెట్టి ఒక చుక్క పెట్టేవాడు. దాని కింద తనకే అర్థమయ్యే పేరు ఒకటి రాసుకునేవాడు. పెట్టెకు నోరున్నా అడిగినవాడికల్లా చెప్పదు కదా అని అతని ధీమా.

కిందటేడు వానల్లేవు. చక్కెర నీళ్ళు పోసి ఈగలను బతికించుకున్నాడు. సగం తేనెపెట్టెలు ఖాళీ అయ్యాయి. ఈ ఏడు ఐరన్‌బార్క్ మొగ్గ వేసింది. చలికాలంలోనే పోయి చూసి వచ్చాడు. ఈ పూత అందకపోతే పెంచడానికి ఈగలు మిగలవు. ఆ సంగతి అతనికి తెలుసు, కూతురు లినెట్‌కూ తెలుసు.

ఒక ఆదివారం లినెట్ వచ్చి ట్రక్కులో కూర్చుని పెట్టెను చూసింది.

"నాన్నా, ఇది అప్‌డేట్ అడుగుతోంది. ఎన్నాళ్ళు వద్దు వద్దు అని నొక్కుతూ కూర్చుంటావ్?"

"అడగ్గానే ఇచ్చేయడమేనా? ఏం అడుగుతోందో తెలియాలా వద్దా?"

"మ్యాపులు అడుగుతోంది నాన్నా, నీ కిడ్నీ కాదు."

ఆమె పెట్టెను ఊడదీసి లోపలికి పట్టుకుపోయి కంప్యూటర్‌కు తగిలించింది. డార్సీ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. పెట్టె తిరిగి వెలిగేసరికి దాని మీద నాలుగు ముక్కలున్నాయి. 'ఈ పరికరానికి ఇక మ్యాపులు రావు.' చుక్కలు ఒక్కటీ లేవు.

పెట్టె చేసిన కంపెనీకి స్పీకరు పెట్టి ఫోను చేశారు. పాట వినిపించి వినిపించి, చివరికి ఒక కుర్రాడు పలికాడు.

"దీని అట్టపెట్టె మీద 'జీవితాంతం మ్యాపులు ఉచితం' అని రాశారు," అన్నాడు డార్సీ.

"అవునండీ. పరికరం జీవితాంతం అని దాని అర్థమండీ."

"అది బతికే ఉంది. నా ఎదురుగా వెలుగుతోంది."

"మా లెక్కలో దాని జీవితం అయిపోయిందండీ."

"మరి నా సంగతేమిటి?"

"మీరు చల్లగా ఉండాలండీ," అన్నాడు కుర్రాడు.

లినెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డార్సీ నవ్వలేదు.

"నా చుక్కలేవి?"

"మీరు దాచుకున్న చోట్లాండీ? అవి ఎక్కడికీ పోలేదు. కొన్నప్పుడు రాయించిన ఖాతాలోకి భద్రంగా పంపించేశాం."

"ఎవరి ఖాతా?"

"అది బయటికి చెప్పకూడదండీ. ఖాతాదారు గుట్టు కదా."

"చుక్కలు నావైతే గుట్టు ఎవడిదయ్యా?" అన్నాడు డార్సీ. అప్పటికే అవతల మళ్ళీ పాట మొదలైంది.

పోయాయంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేవాడు. పోలేదన్నారు. ఎక్కడో ఉన్నాయన్నారు. ఉన్నాయంటే ఎవరి దగ్గరో ఉన్నట్టేగా. డార్సీ చూపు మెల్లగా లినెట్ కంప్యూటర్ మీదికి పోయింది. ఆమె మొగుడి తమ్ముడు బాదం తోటలకు తేనెటీగలను అద్దెకు పంపే పెద్ద కంపెనీలో పనిచేస్తున్నాడు.

"ఎందుకలా చూస్తున్నావ్?" అంది లినెట్.

"ఏం లేదు."

"నీ 'ఏం లేదు' నాకు తెలుసు. నీ చెట్లు నాకెందుకు నాన్నా! ఆ అడవిలోకి తీసుకెళితే అరగంట ఉండలేక పారిపోయొచ్చేదాన్ని." ఆమె టీ తాగకుండానే కారెక్కింది.

రెండు రోజుల తరువాత డార్సీ బారడీన్ ఊళ్ళో పబ్బుకు పోయాడు. అక్కడ బెవన్ ఉన్నాడు. బెవన్‌దీ ఇదే వృత్తి. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్ళే. ఒకరి పక్కన ఒకరు కూర్చుని తాగుతారు. పూతల మాట వస్తే మాత్రం ఇద్దరూ వాన గురించి మాట్లాడుకుంటారు.

"ఏరా డార్సీ, ఈసారి తూర్పు పక్కకేనా?" అన్నాడు బెవన్, గ్లాసులోకి చూస్తూ.

డార్సీ చేతిలో గ్లాసు నోటిదాకా పోలేదు. "తూర్పని ఎవడన్నాడు?"

"ఎవడూ అన్లేదు. పడమర కాకపోతే తూర్పేగా."

"ఉత్తరం ఉంది. దక్షిణం ఉంది."

"సరేలేరా, నాలుగు దిక్కులూ నీవే, ఉంచుకో," అని బెవన్ పెద్దగా నవ్వాడు.

డార్సీ సగం గ్లాసు వదిలేసి లేచాడు. అతను బీరు వదిలేయడం ఆ పబ్బులో ఎవరూ ఎరగరు. ఇక ఆగితే లాభం లేదనుకున్నాడు. మర్నాడు పొద్దు వాలగానే, ఈగలన్నీ గూటికి చేరాక, తేనెపెట్టెలు ట్రక్కుకెత్తి పైన వల కప్పి కట్టాడు. తెల్లవారేసరికి అడవిలో ఉన్నాడు.

మొదటి రెండు మలుపులూ చేతులే తిప్పాయి. పశువులు దాటకుండా వేసిన ఇనుప కమ్మీల దాకా బాగానే వచ్చాడు. అక్కడినుంచి అన్నీ ఒకటే ఎర్ర ఇసుక దారులు, ఒకటే సైప్రస్ చెట్లు. జీపీఎస్ పెట్టెలో అతని ట్రక్కు గుర్తు బూడిదరంగు ఖాళీలో ఒంటరిగా నిలబడి ఉంది. ఆవిడ నోరెత్తలేదు. పన్నెండేళ్ళూ ఆవిడ చెప్పడం, తను తిప్పడం. ఒక్క చెట్టునైనా మొహంలోకి చూసి గుర్తుపెట్టుకోలేదు. చలికాలంలో వచ్చినప్పుడు కూడా ఆవిడే తీసుకొచ్చింది.

ఎడమకు పోయాడు. ఇసుకలో దిగబడబోయి వెనక్కి వచ్చాడు. కుడికి పోతే దారి ఒక వాగులోకి దిగి ఆగిపోయింది. ఈలోగా ఎండ చెట్ల పైకి ఎక్కింది. వల కింద ఈగల రొద మారింది. మామూలప్పుడు అది చల్లగా, ఒకే తీరుగా ఉంటుంది. ఇప్పుడు సలసల కాగే నూనెలా ఉంది. ట్రక్కు ఆపి డబ్బాలో ఉన్న నీళ్ళు వల మీద చల్లాడు. అవి ఇట్టే ఆరిపోయాయి. ఎండ ముదిరితే లోపల మైనం కరుగుతుంది. మైనం కరిగితే ఈగలు తమ తేనెలోనే మునిగి చస్తాయి.

బెవన్ మకాం ఎక్కడో డార్సీకి తెలుసు. పాత బోరుబావి పక్కన, పెద్దరోడ్డుకు దగ్గర్లోనే. రెండేళ్ళ కిందట చక్రాల జాడ పట్టుకుని వెనకాలే పోయి చూసి వచ్చాడు. అలా చూసి వచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే పని కాదు. ఇప్పుడు ఈగల రొద వింటూ కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. తరువాత తన చక్రాల జాడ మీదే ట్రక్కు వెనక్కి తిప్పాడు.

బెవన్ మొహానికి ముసుగు వేసుకుని, ఈగలను అణిచే పొగడబ్బా చేత్తో పట్టుకుని పెట్టెల మధ్య ఉన్నాడు. ట్రక్కును చూసి ముసుగు ఎత్తాడు.

"నేనిక్కడున్నానని నీకెవడు చెప్పాడురా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది డార్సీకి. ట్రక్కు దిగి వల ముడి సవరించాడు.

"నువ్వేం చెప్పక్కర్లేదులే," అన్నాడు బెవన్. చొక్కా జేబు మీద తట్టుకున్నాడు. "ఆదివారం నా ఫోను టింగుమంది. మీ చోట్లు భద్రంగా చేరాయి అని. నా చోట్లు నేనెక్కడా దాచుకోలేదే అని తెరిచాను. ఒక చుక్క కింద ఏం రాసుందో తెలుసా? 'బెవన్ గాడి బోరు'. ఇంకోదాని కింద 'బెవన్, కంచె వెనక'. ఇంకోటి 'బెవన్, ఎవరికీ తెలీదనుకుంటున్నాడు'."

డార్సీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అవి నీ ఫోనులోకి ఎలా వచ్చాయి?"

"ఓరి నీ మతిమరుపు మండా! రైతుల సంతలో ఆ జీపీఎస్ పెట్టెలు ఇద్దరం జతగా కొన్నాం కదరా. జత తీసుకుంటే తగ్గిస్తానన్నాడు అమ్మేవాడు. ఈమెయిల్ చెప్పమంటే నీకు లేదని, రెండిటికీ నాదే రాయించావ్. నేనేమన్నా కాళ్ళు పట్టుకుని అడిగానా?"

అప్పుడు గుర్తొచ్చింది డార్సీకి. గుర్తొచ్చినా ఒప్పుకోబుద్ధి కాలేదు. "నాలుగు రోజులుగా చెప్పలేదేం మరి?"

"ఏమని చెప్పను? 'నీ గుట్టంతా నా జేబులో ఉంది' అని పబ్బులో అరవనా? నీ మొహం ఎలా మారుతుందో చూద్దామనే తూర్పు అన్నాను. చూశాను. రెండు రోజులు నవ్వుకున్నాను."

"చుక్కలు చూశావన్నమాట."

"నా పేరున్నవి చూశాను."

"నావి?"

బెవన్ ట్రక్కు వైపు చూశాడు. వల కింద ఈగలు పెట్టెల బయటికి వచ్చి నల్లటి గడ్డాల్లా వేలాడుతున్నాయి. ఆ చప్పుడు అతనికీ తెలుసు. పొగడబ్బా కింద పెట్టాడు.

"దారి తప్పావా?"

డార్సీ తల ఊపాడు.

"ఇక్కడ సిగ్నల్ లేదు. ఫోను తీసినా తెల్ల కాగితమే. ఇక నా బుర్రలో ఏముంటే అదే దిక్కు," అన్నాడు బెవన్. "ఇప్పుడు చెప్పు. నీవి చూశానంటే దొంగనంటావ్. చూడలేదంటే నీ ఈగలు ఉడికి చస్తాయి. నన్నేం చెప్పమంటావ్?"

డార్సీ నేల చూపులు చూశాడు. బెవన్ మొహంలోకి చూశాడు. ఆ మొహం యాభై ఏళ్ళుగా ఎరిగిందే. అయినా దాని వెనక ఏముందో ఎప్పుడూ తెలియలేదు. ట్రక్కులోంచి వేడి మైనం వాసన వచ్చింది.

"నువ్వు చూడలేదు," అన్నాడు డార్సీ. "నేను అడగలేదు."

"సరే."

"నేను ముందు పోతాను. నువ్వు నా వెనక రా."

"ఊరికే నేనెందుకు వస్తాను?"

"పెట్టెలు దించడానికి సాయం వస్తావు. దారిలో నీకు హారన్ కొట్టాలనిపిస్తే కొట్టుకో. నీ ట్రక్కు, నీ హారన్."

"ఒరే, నిన్ను పార్లమెంటుకు పంపాలిరా," అని బెవన్ తన ట్రక్కెక్కాడు.

ఇనుప కమ్మీలు దాటాక దారి చీలిన చోట డార్సీ కుడికి తిప్పాడు. వెనక హారన్ మోగింది. ఎడమకు తిప్పాడు. మోగలేదు. ఇంకో చీలిక దగ్గర నేరుగా పోబోయాడు. మోగింది. ఒక మలుపు దగ్గర మాత్రం చాలా దూరం పోయాక గాని మోగలేదు. అది మరిచిపోయా, లేక మరీ బాగా తెలిసినట్టు కనపడకూడదనా? డార్సీ అద్దంలోకి చూశాడు. అద్దంలో దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. ట్రక్కును వెనక్కి తీసుకున్నాడు.

చెట్ల మధ్య ఖాళీ కనపడింది. ముందు వాసనే చెప్పింది. ఐరన్‌బార్క్ కొమ్మ కొమ్మకూ తెల్లగా విరగబూసి ఉంది.

ఇద్దరూ పెట్టెలు దించారు. పగటి పూట దించితే ఈగలు ఊరుకోవు. మెడల మీదా మణికట్ల మీదా కుట్టాయి. అడుగు వరసలో ఉన్న కొన్ని పెట్టెలు చప్పుడు లేకుండా ఉన్నాయి. మూత తీస్తే తేనె కారింది, ఈగలు లేవలేదు. డార్సీ వాటిని పక్కకు పెట్టాడు. మిగతావాటి తలుపులు తీయగానే ఈగలు పొగలా లేచి నేరుగా చెట్ల మీదికి పోయాయి. అతను అప్పుడు గాని కింద కూర్చోలేదు.

బెవన్ తల ఎత్తి చూస్తున్నాడు. "బాగా పూసిందిరా."

"ఊఁ."

"ఇంకో ట్రక్కు పెట్టెలకు కూడా సరిపోతుంది."

డార్సీ అతని మొహంలోకి చూశాడు.

"ఊరికే అన్నానురా బాబూ! ఊళ్ళోకి పోగానే నీ చుక్కలన్నీ నీ ఎదురుగానే తుడిచేస్తాను, సరేనా?"

డార్సీ లెక్క వేసుకున్నాడు. తుడిచేస్తే ఆ చుక్కలు ఇక ఎక్కడా ఉండవు. పెట్టెలో లేవు, తన తలలోనూ లేవు. రేపు పెట్టెలు తిరిగి తీసుకుపోవడానికైనా ఇక్కడికి రావాలి. అప్పుడు దారి ఎవరిని అడగాలి?

"ఉంచు," అన్నాడు.

"మరి నా పేరున్నవి?"

"అవి తుడిచెయ్."

"తుడిచేం లాభం? అవి నీ బుర్రలో ఉన్నాయిగా!" అని బెవన్ ఈగలు కుట్టిన మెడ రుద్దుకుంటూ తన ట్రక్కు వైపు పోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు మొదటి చీలిక దగ్గర డార్సీ ట్రక్కు ఆపాడు. సీటు కిందినుంచి ఒక గుడ్డ పీలిక తీసి, దిగి, కొమ్మకు కట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఎర్రగా, దూరానికి కూడా చక్కగా కనపడుతోంది. ఎవడి కంటికైనా కనపడుతుంది. మళ్ళీ పోయి విప్పి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు ఆ చోటును చూడడం మొదలుపెట్టాడు. పిడుగు పడి చీలిన సైప్రస్ ఒకటి. దాని పక్కన పుట్ట. పుట్టకు ఎడమన దారి. టోపీ తీసి చేత్తో పట్టుకుని, కొత్తవాడి మొహం చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు.

వెనకనుంచి బెవన్ హారన్ కొట్టాడు. దారి ఇది కాదనో, త్వరగా కదలమనో డార్సీకి అర్థం కాలేదు.