ఊరికే కాదు, ఊరితేనే

“ఆ కాగితాలు తియ్యి, కంచాలు పెట్టాలి” అన్నాడు భర్త. కంచాలు పెట్టేది ఆమె, తీసేది ఆమె. మధ్యలో ఆయన పెట్టేది ఆజ్ఞ.

భోజనాల బల్ల మీద వెడల్పాటి ట్రేలో, చిక్కటి టీ డికాషన్‌లో తెల్ల కాగితాలు ఊరుతున్నాయి. ఊరి ఆరాయంటే నిన్న కొన్న కాగితానికి తాతల నాటి రంగొస్తుంది. వాటిని మడిచి, దబ్బనంతో పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టి అట్ట వేస్తే ఆల్బమ్. నానుతున్నవాటిని కదిపితే మాత్రం చిరుగుతాయి. పూటపూటకీ బల్ల ఖాళీ చెయ్యాల్సి రావడంతో పూటకో పుట పుటుక్కుమంటోంది. మిగిలినవి ఇవే.

ఆఫీసులో పెద్దాయన రిటైరవుతుంటే, కానుకగా ఇచ్చే ఆల్బమ్ గురించి, “మా ఆవిడ ఇంట్లో ఊరికే కూర్చుంటుంది, ఊరికే చేసిపెడుతుంది” అని భర్త అందరి ముందూ మాటిచ్చి వచ్చాడు. ఒక్క ముక్కలో రెండు ఊరికేలు. ఒకటి ఆమె రోజును మింగింది, రెండోది ఆమె పనిని. ఆయన ఆఫీసు కాగితాల్లో ఆమె ‘ఆధారపడినవారు’. అది తలుచుకుంటే ఆమెకు నవ్వొస్తుంది. ఆధారంలోని దారం ఎవరి చేతిలో ఉందో ఆయన చూసుకోలేదు మరి. అయినా ఆ పని ఆమె చేతికి నచ్చింది. దబ్బనం దిగేటప్పటి చిన్న టప్పు, ఆరిన అంచున తేలే గోధుమరంగు మరక, ఇవి ఆమె సొంత సంతోషాలు.

“కొత్తవాటిని పాతవి చేస్తున్నావు, నన్ను కాస్త కొత్తగా చెయ్యకూడదటే?” అన్నారు మొన్న అత్తగారు. “మీ అట్ట ఇంకా గట్టిదే అత్తయ్యా” అంటే, పళ్ళు లేని నోటితో పొంగిపోయారు.

ఈ సాయంత్రం వింత జరిగింది. పొయ్యి మీద మిగిలిన డికాషన్‌లో భర్త తనే పాలూ పంచదారా కలుపుకుని తాగి, టీ బ్రహ్మాండంగా ఉందన్నాడు. పెళ్ళయ్యాక అదే మొదటి మెచ్చుకోలు, అదీ కాగితాల వాటాకి. ఆమె లోపల మాత్రం ఒక ఆలోచన మరుగుతూనే ఉంది. ఆయన కోసం మరిగించినన్నాళ్ళూ రాని రుచి, తన కోసం మరిగించేసరికి ఎలా వచ్చింది?

“తియ్యమంటున్నానా” అన్నాడు మళ్ళీ.

ఆమె చెయ్యి ట్రే దాకా వెళ్ళి ఆగింది.

“ఇవి ఊరాలండీ.”

“మరి నేనెక్కడ తినను?”

“ఊరికే కూర్చునే చోట్లు ఇంటినిండా ఉన్నాయి. ఊరబెట్టే చోటు ఇదొక్కటే. ఈ బల్ల ఇక నాది.”

ఆయన తల్లి వైపు చూశాడు. అత్తగారు అప్పటికే కంచం పుచ్చుకుని గుమ్మం మెట్టు మీద సర్దుకుంటున్నారు.

“రారా, ఇక్కడ కూర్చో” అన్నారు కొడుకుతో. “అక్కడ పని జరుగుతోంది.”