పురిటిగదిలో గాలి

ఆషాఢం ముసురు పట్టింది. గడప బయట నిలబడి బాలాంబ, పనిమనిషి గున్నమ్మ చేత కోడలి పురిటిగదిలో కుంపటికి మరిన్ని బొగ్గులు వేయించింది. తలుపు సందులో పాతచీర పేలిక కుక్కించింది. కిటికీని మట్టితో ఎప్పుడో మెత్తించేసింది. పచ్చి బాలింతకు ఈదురుగాలి సోకితే వాతం కమ్ముతుందని ఆవిడ భయం.

పొద్దున్నించీ కోడలు శారదాంబకు కణతలు పోటెత్తుతున్నాయి. చెబితే బాలింత బడలిక అన్నారు. బడిలో సైన్సు చెప్పే భర్త భానుమూర్తి, మైల కనక తలుపవతలే నిలబడి, మట్టిగోడలో కంటికానని కన్నాలుంటాయనీ, వాటిగుండా గాలి వస్తూనే ఉంటుందనీ ధైర్యం చెప్పి వెళ్లాడు.

అది అబద్ధం కాదు. ఒకప్పుడు ఇంట్లో పాఠం వల్లెవేసుకుంటూ, కాల్చిన మట్టిగిన్నె గోడలోంచి వాయువు ఎలా దూరిపోతుందో ఆయన ఆమెకు చూపించాడు కూడా. కానీ ఆ గిన్నె పల్చన. ఈ గోడ మూరెడు మందం, పైగా కొత్తగా అలికింది. బొగ్గుకూ ఒళ్లంతా కన్నాలే. ఎర్రగా కాలుతూ, గదిలో ఉన్న గాలినంతా అది తాగేస్తుంటే, గోడ దాటి వచ్చే గాలి ఏ మూలకి? తనకేదో పిచ్చి పట్టిందేమో. అత్తగారు నలుగురిని కని పెంచిన మనిషి, భర్త చదువుకున్నవాడు. ఇద్దరూ పొరబడతారా?

పాలకి లేపబోతే పాప కళ్లు తెరవలేదు. చెయ్యి పైకెత్తి వదిలితే గుడ్డపీలికలా వాలిపోయింది. రెండేళ్ల కిందట, ఇదే గదిలో, ఇలాగే నిద్రలో పోయాడు మొదటివాడు. తల్లిపాలల్లో దోషం అన్నారు. భర్త కాదనలేదు. ఆమే నమ్మింది.

లేవబోతే కాళ్లు తేలిపోయాయి. పాపను రొమ్ముకదుముకుని, గోడ పట్టుకుని, పేలిక లాగిపారేసి తలుపు తీసింది. కొయ్యూరు కొండల మీంచి వచ్చే తడిగాలి మొహాన కొట్టింది. వసారాలో కూలబడి పాప అరికాళ్లు రుద్దుతూనే ఉంది. ఎంతకీ ఉలుకు లేదు. ఆఖరికి పాప నోరు తెరిచి సన్నగా ఏడ్చింది.

బాలాంబ ఇల్లంతా మైలపడిందని వణికిపోయింది. భానుమూర్తి తల్లి వంక చూసి, భార్య వంక చూసి, గొంతు తగ్గించాడు.

"ముందు లోపలికి పద శారదా. అమ్మకి నేను నచ్చచెబుతాను."

"నచ్చచెప్పండి," అందామె. "గున్నమ్మా, నా చాప ఇక్కడ వెయ్యి. పురుడు తీరేదాకా మేమిద్దరం ఇక్కడే."

గున్నమ్మ పెద్దావిడ మొహంలోకి చూసింది. ఆవిడ పాప వంకే చూస్తోంది.

"ఏస్తానమ్మా," అని లోపలికెళ్లింది.