ఆడవాళ్ళ టెంటు

"కోడలు పడుకునే గుడారంలో మామగారు పడుకోవడమేంట్రా? లోకంలో ఎక్కడన్నా ఉందా?" అన్నారు భీమశంకర్ గారు. ఆ పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది మూడోసారో నాలుగోసారో.

హాల్లో సోఫాలు గోడకి జరిపేసి, కార్పెట్ మీద టెంటు వేసి ఉంది. ఆ వారాంతం రెండు రాత్రులు గడపబోయే అడవి పార్కుకి వెళ్ళాక తడుముకోకుండా ఇంట్లోనే ఒకసారి వేసి చూద్దామని కొడుకు కిరణ్‌కుమార్ వేశాడు. మనిషి నిలబడినా తల తగలనంత ఎత్తుగా ఉంది. దానికి ఇటు తండ్రీ అటు కొడుకూ నిలబడి, గట్టు తగాదా పడ్డ రైతుల్లా వాదించుకుంటున్నారు.

"ఆరుగురు పట్టే టెంట్ నాన్నా. మనం అయిదుగురమే. మధ్యలో తెర ఉంది చూడండి, జిప్ వేసేస్తే రెండు రూములు."

"తెర. నాటకాల వాళ్ళకీ ఉంటుంది తెర. నేను పొద్దున్నే లేచి పంచె సర్దుకోవాలా వద్దా? ఆ పిల్లకి ఎంత ఇబ్బంది?"

ఆ పిల్ల, అంటే కోడలు భావన, వంటింట్లోంచి తల బయటపెట్టింది. "నాకేం ఇబ్బంది లేదు మామయ్యా. కళ్ళజోడు తీసేస్తే మీరేదో చెట్టేదో కూడా నాకు తెలీదు."

దాంతో ఆయనకి ఇంకా ఇబ్బందయింది.

శేషమ్మ సోఫాలో కూర్చుని పచ్చిబఠాణీలు వలుస్తోంది. ఈ గొడవలో ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. భర్తతో వాదించడానికి ఆమెకి భయమేం లేదు, ఓపికే లేదు. ఓపిక లేనిది ఎందుకంటే నిద్ర లేక.

పెళ్ళయిన దగ్గర్నుంచీ లేదు. భీమశంకర్ గారు గురక పెడతారు. గురకతో పెద్ద బాధ లేదు, అది వినబడుతున్నంతసేపూ ఆయన నిద్రపోతున్నట్టు. అది ఆగితేనే ప్రమాదం. "ఏమే, గేటుకి తాళం వేశావా?" "ఏమే, మంచినీళ్ళు." "ఏమే, మన రాజేశ్వరమ్మ రెండో అల్లుడి పేరేంటి?" తను మేలుకుని ఉన్నప్పుడు పక్కన ఇంకో మనిషి నిద్రపోవడం ఆయన దృష్టిలో క్రమశిక్షణ లేకపోవడం. ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా ఉన్నన్నాళ్ళూ కట్టల మీద వాచ్‌మన్లని ఇలాగే లేపేవారు. రిటైరయ్యాక వాచ్‌మన్లు తప్పించుకున్నారు, శేషమ్మ దొరికిపోయింది.

అమెరికాలో పగలూ రాత్రీ తారుమారవుతాయని ఎవరో చెబితే ఆమె కొంచెం ఆశపడింది కూడా. ఏం తారుమారు కాలేదు. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో కొడుకు ఇంటికి గేటు లేదు కాబట్టి "ఏమే, గరాజ్ తలుపు దించారా?" అని లేపడం మొదలుపెట్టారు.

"పోనీ ఒక పని చేద్దాం," అంది భావన చేతులు తుడుచుకుంటూ. "పక్క వీధి రవికుమార్ వాళ్ళ దగ్గర చిన్న టెంట్ ఉంది. అది తెచ్చుకుందాం. అందులో మీరూ అత్తయ్యా పడుకోండి."

శేషమ్మ గుండె జారింది. ఇంట్లో కనీసం మంచం అంచుదాకా జరగడానికి ఉంటుంది.

చిన్న టెంటు వచ్చింది, హాల్లోనే దాన్ని కూడా వేశారు. భీమశంకర్ గారు నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగి లోపలికి చూశారు. "ఇందులోకి దూడలా పాకాలన్నమాట. నా మోకాళ్ళు ఒప్పుకోవు. పైగా కూర్చుని పంచె ఎలా కట్టుకుంటాను?" కాసేపు రెండు టెంట్లనీ మార్చి మార్చి చూసి, డ్యూటీలు వేసినట్టు వేసేశారు. "పెద్దదాంట్లో మగవాళ్ళం. చిన్నదాంట్లో ఆడవాళ్ళు. పద్ధతిగా ఉంటుంది."

కిరణ్‌కుమార్ మొహం వాడిపోయింది. అడవిలో, చెరువు ఒడ్డున, వెన్నెట్లో నాన్న పక్కన పడుకోవడం అతని ప్లాన్‌లో లేదు. భావన నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శేషమ్మ చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. రెండు రాత్రులు. మొహంలో ఏమీ కనబడకుండా జాగ్రత్తపడి, "మీకు ఇబ్బందేమో," అంది. అనకపోతే బాగుండదని అంది. ఆయనకి వినబడకుండా అంది.

*

పార్కు మూడు గంటల దూరం. కొండల మీద పైన్ చెట్లు, వాటి మధ్య నీళ్ళు. ఆ ఏడు కాలిఫోర్నియాలో వానల్లేక నీళ్ళు బాగా దిగిపోయి, ఒడ్డంతా మట్టి గీతలు పడి ఉంది. ఎక్కడా కట్టెల మంట వెయ్యకూడదని బోర్డులు పెట్టారు. "ఇది సరస్సేంటి, రిజర్వాయరు," అన్నారు భీమశంకర్ గారు కారు దిగగానే. "ఆ మూల కట్ట ఉండి తీరాలి." వెళ్ళి చూసొచ్చి, ఉందని చెప్పి, ఆ సాయంత్రమంతా ఉత్సాహంగా ఉన్నారు. పక్క టెంట్ సైట్‌లో బీరు తాగుతూ కూర్చున్న తెల్లాయనకి నీటిమట్టాల గురించి చాలాసేపు చెప్పారు. ఆయన ప్రతిదానికీ "కూల్" అన్నాడు.

ప్రతి సైట్‌లోనూ ఒక ఇనప పెట్టె ఉంది. వాసన వచ్చే వస్తువేదైనా రాత్రికి అందులో పెట్టి గడియ వెయ్యాలని, లేకపోతే ఎలుగుబంట్లూ, పిల్లిలా ఉండి తిండి ఎత్తుకుపోయే రకూన్లూ వస్తాయని మనవరాలు జాహ్నవి బోర్డు చదివి అందరికీ చెప్పింది. పదకొండేళ్ళ పిల్ల, రూల్స్ అంటే తాతకి ఎంత ఇష్టమో దానికీ అంత ఇష్టం. కాకపోతే తాతకి ఇతరులు పాటించే రూల్స్ ఇష్టం. అందరూ అన్నీ తెచ్చి పెట్టారు, టూత్‌పేస్ట్‌తో సహా. భీమశంకర్ గారు సున్నుండల డబ్బా మాత్రం తువ్వాల్లో చుట్టి తలకింద పెట్టుకున్నారు. రాత్రి మెలకువ వస్తే ఒక సున్నుండ పడాల్సిందే.

చిన్న టెంటులో ఒక చివర శేషమ్మ, మధ్యన జాహ్నవి, ఆ చివర భావన సర్దుకున్నారు. వేసుకున్న గాలిపరుపు కాసేపటికే నీరసించింది. నడుం కింద ఏదో వేరు తగులుతోంది.

"నేల గట్టిగా ఉందా అత్తయ్యా?"

"బానే ఉందమ్మా."

కళ్ళు మూసుకుని, అలవాటుగా "ఏమే" కోసం ఎదురు చూసింది. రాలేదు.

*

కళ్ళు తెరిచేసరికి టెంటు గుడ్డ మీద ఎండ పడుతోంది. ఎక్కడుందో ఆమెకి అర్థం కాలేదు. ఒళ్ళు దూదిలా ఉంది. తలలో ఎప్పుడూ ఉండే రొద లేదు. చచ్చిపోయానేమో అనుకుంది. పెద్ద బాధేం కలగలేదు. ఇంతలో తాలింపు వాసన వచ్చింది. చచ్చినవాళ్ళకి పిండాలు పెడతారు గానీ ఉప్మా పెట్టరు కాబట్టి, లేచి పాక్కుంటూ బయటికొచ్చింది.

పెద్ద టెంటు ఒక పక్కకి కూలబడి ఉంది. బల్ల దగ్గర భీమశంకర్ గారు మోచేతికి కట్టుతో కూర్చున్నారు. కిరణ్‌కుమార్ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. భావన గ్యాస్ స్టవ్ మీద ఉప్మా కలుపుతోంది.

"బామ్మా, యూ మిస్డ్ ఎవ్రీథింగ్," అంది జాహ్నవి. "తాతయ్య టెంట్‌లోకి రకూన్ వచ్చింది. లడ్డూ తిన్నది."

"సున్నుండ," అన్నారు భీమశంకర్ గారు.

"హోల్ బాక్స్ తీసుకెళ్ళింది. తాతయ్య చాలా అరిచాడు, పోల్ మీద పడ్డాడు. దెన్ రేంజర్ వచ్చాడు, పెద్ద లైట్‌తో. తాతయ్య 'శేషూ, శేషూ' అంటున్నాడు కదా, రేంజర్ ఎవరో మిస్సింగ్ అనుకున్నాడు. లేక్ దగ్గర వెతికాడు. పక్క సైట్ అంకుల్ కూడా వెతికాడు."

"అయ్యో," అంది శేషమ్మ. "నేనిక్కడే ఉన్నానుగా."

"అదే చెప్పామత్తయ్యా," అంది భావన. "నమ్మక, వచ్చి లైటు మీ మొహం మీద వేసి చూశాడు. మీరు కదల్లేదు. నాకే అనుమానమొచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను."

"యూ వర్ స్నోరింగ్," అంది జాహ్నవి గౌరవంగా.

సిగ్గుపడాలేమోనని శేషమ్మ లోపల వెతుక్కుంది. సిగ్గు ఎక్కడా తగల్లేదు, ఆకలి తగిలింది. కూర్చుని ప్లేటు దగ్గరికి లాక్కుంది.

"ఊరంతా లేచింది. నీకు మాత్రం మెలకువ రాలేదు," అన్నారు భీమశంకర్ గారు.

"రాలేదండీ."

"అదే ఎలుగుబంటి అయ్యుంటే?"

"అయితే మాత్రం నేను లేచి ఏం చేసేదాన్ని? దానికి మంచినీళ్ళు ఇచ్చేదాన్నా?"

"వేళాకోళం కాదు. రాత్రిళ్ళు నాకేమన్నా అయితే?"

ఆమె జవాబు చెప్పేలోపు కిరణ్‌కుమార్ అందుకున్నాడు. "రకూన్ వచ్చింది ఒక్కసారేనమ్మా. అది రాకముందూ, వచ్చి వెళ్ళాకా కూడా నాన్న నన్ను లేపుతూనే ఉన్నారు. కార్ లాక్ చేశావా అని. నీళ్ళని. హనుమయ్య పెదనాన్న ఏ సంవత్సరం రిటైరయ్యాడని. నాకేం తెలుసు? ఒక్క రాత్రికే నాకు పిచ్చెక్కిపోయింది. నువ్వు రోజూ ఇలాగే..." అని ఆగి, తల్లి మొహంలోకి చూశాడు. అలా చూసి చాలా ఏళ్ళయింది. "ఎలా ఉన్నావమ్మా ఇన్నాళ్ళూ?"

"మేలుకునే ఉన్నాన్రా," అంది శేషమ్మ.

తల్లి మీద కిరణ్‌కుమార్‌కి పొంగిన జాలి నిజమే. అయితే కాఫీ సగం అయ్యేసరికి దానికంటే నిజమైనది ఇంకోటి గుర్తొచ్చింది. "అమ్మా, ఈ రాత్రికి మాత్రం నువ్వు పెద్ద టెంట్‌లోకి వచ్చెయ్. నేను చిన్నదాంట్లో సర్దుకుంటాను. మండే ఆఫీస్‌లో ప్రెజెంటేషన్ ఉంది నాకు."

"అదే మంచిది," అన్నారు భీమశంకర్ గారు వెంటనే. "నేనూ మీ అమ్మా పెద్దదాంట్లో పడుకుంటాం."

"మరి పద్ధతి, మామయ్యా?" అంది భావన గరిటె ఆపి.

"అడవిలో పద్ధతేంటమ్మా."

శేషమ్మ ఆయన వంక చూసింది. జుట్టు రేగిపోయి ఉంది. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఆమె ఔనంటుందని ఎదురు చూస్తున్నారు. నిజంగానే భయపడ్డారని ఆమెకి తెలుస్తోంది. జాలేసింది. ఆ జాలి ఆమెకి కొత్తది కాదు. ఇన్నేళ్ళూ ప్రతి రాత్రీ ఆమెని లేపి కూర్చోబెట్టింది అదే. అది సర్దుకునేదాకా ఇంకో రెండు చెంచాల ఉప్మా తిని, చెంచా ప్లేటులో పెట్టింది.

"అందరూ ఉన్నప్పుడే చెబుతున్నాను, మళ్ళీ మళ్ళీ చెప్పలేను," అంది. గొంతు పెంచలేదు. "ఈ రాత్రికి నేను చిన్న టెంట్‌లోనే పడుకుంటాను. ఇంటికెళ్ళాక జాహ్నవి గదిలో. మన ఊరు వెళ్ళాక పడమటి గదిలో మంచం వేయించుకుంటాను." భర్త వైపు తిరిగింది. "నీళ్ళ చెంబు రోజూ మీ మంచం పక్కనే పెడతానండీ. తలుపు మాత్రం వేసుకుంటాను."